మా తమ్ముడిలాంటి మనిషి

ఆ వేసవిలో మా అమ్మ మా తమ్ముణ్ణి మర్యాదగా పలకరించింది. నాకు మొదట భయం వేసింది అప్పుడే.

జీడిపిక్కలు ఏరే రోజులు. ఎండ ముదిరేదాకా తోటలో ఉండి ధనుంజయ్ ఇంటికొచ్చాడు. నెత్తిమీది బస్తా అరుగు మీద దింపి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ "అమ్మా, మంచినీళ్ళు" అన్నాడు. అరుగు మీద కూర్చున్న అమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"కూకోండి బాబూ," అంది. "మావోడు తోటకెల్నాడు. వొచ్చేత్తాడు."

వాడు నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. "ఏటమ్మా, ఎండ నాకు తగిలిందా నీకు తగిలిందా?"

అమ్మ నవ్వలేదు. వాడి మొహం పట్టి పట్టి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"ఎవులే ఆ మడిసి?"

"ఎవరేమిటమ్మా, ధనుంజయ్."

"కాడే. ముక్కూ మొకం ఆడిదే. గెడ్డం కింద మచ్చ కూడా ఉన్నాది. కానీ మావోడు కాడు." గొంతు బాగా తగ్గించింది. "మావోణ్ణి ఏటి సేసినాడో మెల్లిగా అడుగు."

అమ్మకి అప్పటికే రెండేళ్ళుగా కిడ్నీ జబ్బు. మా ఉద్దానంలో అదొక వింత కాదు. నాన్న పోయిందీ దాంతోనే. రోజు విడిచి రోజు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. శివరాత్రి వెళ్ళాక ఒకరోజు మిషను మీద ఉండగానే చిన్న స్ట్రోక్ వచ్చింది. కాలూ చెయ్యీ పడిపోలేదు, మాట పోలేదు. డాక్టరు స్కాన్ వెలుతురుకి ఎత్తి పట్టి, మెదడులో కుడివైపు ఒక మచ్చ చూపించి, ఇంతటితో పోయింది, అదృష్టం అన్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. నేను పలాసలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను, అక్కడే ఒక గదిలో ఉంటాను. సెలవులివ్వగానే అమ్మను చూసుకోవడానికి ఊరొచ్చాను. ఇంట్లో అమ్మ, తమ్ముడు, వాడి భార్య దేవి.

మర్నాటికి సర్దుకుంటుందనుకున్నాం. సర్దుకోలేదు. అలాగని అమ్మకి మతి చెడిందా అంటే అదీ లేదు. ఏ చెట్టు కాయ దింపాలో, ఎవరింట్లో ఎవరు నీళ్ళోసుకున్నారో అన్నీ తెలుసు. నన్ను గుర్తుపడుతుంది, దేవిని గుర్తుపడుతుంది, వీధిలో పోయే ముసలాయన్ని నడక చూసి చెప్పేస్తుంది. ఒక్క ధనుంజయ్ దగ్గరే దారి తప్పేది.

మధ్యాహ్నం అన్నాలప్పుడు వాడికి అరుగు మీద పెట్టించేది, పరాయివాళ్ళకి పెట్టినట్టు. "ఇంకొంచెం పులుసు ఏసుకోండి బాబూ, మొగమాటపడకండి" అనేది. లోపల వాడి కంచంలో అన్నం పెట్టి, మీద ఇంకో కంచం బోర్లించి ఉంచేది, వాడొస్తే తింటాడని. అరుగు మీద కూర్చుని తింటున్న వాడికి గుమ్మంలోంచి ఆ మూతపెట్టిన కంచం కనిపిస్తూ ఉండేది. సాయంత్రానికి ఆ అన్నం గేదెకి వేసేవాళ్ళం.

దేవినైతే పక్కకి పిలిచి చెప్పింది. "ఒలే దేవీ, ఆ మడిసి ఉన్న గదిలోకి ఎల్లకు. రేపు మావోడొచ్చి అడిగితే నాను ఏటి సెప్పను?"

దేవి మొదటిసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత తర్వాత నవ్వలేదు. ఒకరోజు నూతి దగ్గర నాతో అంది:

"వదినా, అత్త రోజూ అదే మాటంటంటే నాకేటో అయిపోతంది. నిన్న ఆయన నిద్దట్లో ఏదో గొణిగితే, ఈ గొంతు ఎవరిదీ అని లేచి కూకున్నాను." చేద తాడు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "తప్పని తెలుసు. కానీ దీపం ఏసి ఆయన మొకం సూసినాను."

ఆ వారంలోనే కవిటిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులుండి వస్తానంది. వాడు బస్సెక్కించి వచ్చి, చీకటి పడేదాకా తోటలోనే ఉండిపోయాడు.

నాన్నకి వరసకి అన్న రమణమూర్తి పెదనాన్న ఒకసారి వచ్చి అమ్మ దగ్గర కూర్చున్నాడు. అమ్మ చెప్పిందంతా విన్నాడు. వెళ్తూ నన్ను వీధి మలుపు దాకా రమ్మన్నాడు. అమ్మకి ఏ సోకు తగిలిందో చూపిద్దాం అంటాడేమో, కాదనడానికి మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాను. ఆయన ఆ మాటే అనలేదు.

"గుంటడు ఆ తిత్లీ తుపానుకి పడిపోయిన తోటలో ఒక్కడూ తిరుగుతాడమ్మా. సందేళ దాకా అక్కడే. ఏటి పట్టిందో ఏటో," అన్నాడు. "కన్నతల్లికి తెలిసినట్టు ఇంకెవులికి తెలుస్తాది?"

ఊరు మా అమ్మను అనుమానించడం లేదు, మా తమ్ముణ్ణి అనుమానిస్తోంది. పిక్కలేరడానికొచ్చే ఆడవాళ్ళు వాడిచ్చిన నీళ్ళు తాగడం మానేశారు. పిల్లలు వాడు వస్తుంటే ఆట ఆపి పక్కకి జరిగి నిలబడేవారు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక సాయంత్రం జీడిచెట్ల నీడల్లోంచి వాడు నడిచి వస్తున్నాడు. వెనక సంద్రం మీద మబ్బు. రెప్పపాటు కాలం, నేను ఎత్తుకుని పెంచిన తమ్ముడి నడక అది కాదేమో అని నాకూ అనిపించింది. దగ్గరికొచ్చి "ఏటప్పా, అలా సూత్తన్నావు?" అన్నాడు. మా వైపు అక్కను అప్పా అంటారు. ఏమీ లేదురా అన్నాను.

పలాసలో డయాలసిస్ గది బయట వరండాలో పొడుగు బల్లలుంటాయి. లోపల మనిషి మిషను మీద ఉన్నంతసేపూ బయట మనవాళ్ళు కూర్చోవాలి. కవిటి వాళ్ళు, వజ్రపుకొత్తూరు వాళ్ళు, క్యారేజీలు, నీళ్ళ సీసాలు, ఫినాయిల్ వాసన. నేను అక్కడ కూర్చుని ఫోన్లో పాఠాలు చూసేదాన్ని. సముద్రాల అవతల ఏదో విశ్వవిద్యాలయం వాళ్ళు మెదడు గురించి చెప్పిన పాఠాలు, లోకంలో ఎవరైనా చూసుకోవచ్చని ఊరికే పెట్టారు. పదో తరగతి పిల్లాడొకడు "కల ఎక్కడ పుడుతుంది టీచర్?" అని అడిగితే జవాబు చెప్పలేక మొదలుపెట్టాను. మెల్లిగా అలవాటైంది. చెప్పే ఆవిడ పెద్దావిడ, తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, స్వెట్టరు నిండా సుద్దపొడితో ఉండేది. ప్లాస్టిక్ మెదడును పనసకాయ విప్పినట్టు తొనలు తొనలుగా విప్పి బల్ల మీద పెట్టేది. ఆ ఇంగ్లీషు నాకు సగమే అందేది. కింద అక్షరాలు పెట్టుకుని, ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ చూసేదాన్ని.

పక్కన కూర్చున్నావిడ తొంగి చూసి "సినిమానేటి?" అని అడిగింది.

"కాదండీ, పాఠం. మెదడు గురించి."

"ఈ వొయసులోనా?" అని జాలిగా చూసి, నాకో జామపండు ఇచ్చింది.

ఆ రోజు పాఠం ముఖాల గురించి. ఒక మనిషిని గుర్తుపట్టడం అనేది మెదడుకి ఒక పని కాదు, రెండు పనులు అంది ఆవిడ. ఒక దారిలో పోలికలు అందుతాయి. ముక్కు, కళ్ళు, మచ్చ. ఇంకో దారిలో, ఆ మొహం మనవాళ్ళదైతే, ఒంట్లో ఒక చిన్న వెచ్చదనం లేస్తుంది. రోజూ ఉండేదే కనక అది ఉన్నట్టు మనకి తెలియను కూడా తెలియదు. ఎప్పుడైనా జబ్బు చేసో దెబ్బ తగిలో ఆ రెండో దారి తెగిపోతే, ఎదురుగా మన బిడ్డ మొహమే ఉంటుంది, లోపల మాత్రం ఏమీ పలకదు. అప్పుడు పాపం ఆ మనిషి ఏం చేస్తుంది? కళ్ళు అవునంటున్నాయి, ఒళ్ళు కాదంటోంది. అందుకని తనకి తోచిన కారణం చెప్పుకుంటుంది. వీడు నా వాడిలాగే ఉన్న ఇంకొకడు అని.

జామపండు చేతిలోనే ఉండిపోయింది. నేను పాఠం ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నాను. మూడోసారి ఇంకాస్త ముందుకి విన్నాను. గొంతుకి దారి వేరు అంది ఆవిడ. చూస్తే పరాయివాడన్న మనిషినే ఫోన్లో వింటే కొందరు వెంటనే పోల్చుకుంటారు అంది.

లోపల మిషను కూత వేసింది. నర్సు పేరు పిలిచింది, మా అమ్మ పేరే, సూరమ్మ. వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపాను.

మర్నాడు డాక్టరుకి చెబితే ఓపిగ్గా విన్నాడు. అలా ఉండవచ్చు, మందు మార్చి చూద్దాం, కానీ పూర్తిగా పోతుందని చెప్పలేను అన్నాడు.

ఆ సాయంత్రమే ధనుంజయ్‌ని ఇంటి వెనక కొబ్బరికాయల గుట్ట దగ్గర నిలబెట్టాను. "నువ్విక్కణ్ణించి అమ్మకి ఫోన్ చెయ్యి. చేసి మామూలుగా మాట్లాడు."

"గోడకి ఇవతల నిలబడా? ఏటప్పా ఇది?"

"చెయ్యరా."

లోపలికెళ్ళేసరికే అమ్మ పక్కన ఫోన్ మోగుతోంది. నొక్కి చెవి దగ్గర పెట్టాను.

"అమ్మా," అన్నాడు వాడు.

అమ్మ మొహం మీద ఆ మార్పు నేను జన్మలో మర్చిపోను. రెండు చేతులా ఫోన్ పట్టుకుంది. "ధనూ! ఏటైపోనావురా నాయినా? ఎక్కడున్నావు? అన్నం తిన్నావా?"

"తోటలోనే ఉన్నానమ్మా. తిన్నాను."

"ఇంటికి రాకురా ఇప్పుడే. ఒకడొచ్చి తిష్ట ఏసినాడు. అచ్చం నీలాగే ఉన్నాడు. నాకు బయంగా ఉన్నాది."

"ఆడు నిన్నేటైనా అన్నాడా?"

"లేదు. నిజిం సెప్పాలి గదా, మంచోడిలాగే ఉన్నాడు. నీల్లు తోడతన్నాడు, ఆటో ఎక్కిత్తన్నాడు." అమ్మ నిట్టూర్చింది. "పాపం, ఆడి తల్లి ఎక్కడుందో."

నేను వెనక తలుపు తీసి చూశాను. వాడు కొబ్బరికాయల గుట్ట మీద కూలబడి, ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, రెండో చేత్తో నోరు మూసుకుని ఉన్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో అదొక పద్ధతైపోయింది. పగలంతా వాడు పరాయివాడు. సందేళ ఫోన్లో కొడుకు. అమ్మ కుదుటపడింది. కంచం మూతపెట్టడం మానింది, తన కొడుకు తోటలో కాపలా ఉంటున్నాడని ఆమెకి నమ్మకం కుదిరింది. దేవికి నేనే ఫోన్ చేసి పాఠంలో విన్నదంతా చెప్పాను. వచ్చేసింది. వస్తూనే మొగుడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది, మా ఎదురుగానే. సిగ్గుపడలేదు.

అంతా బాగుందనే అనుకున్నాను. కానీ వాడు చిక్కిపోతున్నాడు. తల దువ్వుకోవడానికి అద్దం ముందు నిలబడి, దువ్వెన పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. ఒక్కోసారి వాడు ఫోన్ పెట్టేసి లోపలికొచ్చాక కూడా అమ్మ ఆగిపోయిన ఫోన్‌తో మాట్లాడుతూనే ఉండేది. కొడుక్కి ఏవేవో జాగ్రత్తలు చెప్పేది. వాడు గుమ్మంలో నిలబడి వినేవాడు. అలికిడికి అమ్మ తలెత్తి, మాట ఆపేసి, కొంగు సర్దుకునేది.

"నాను సచ్చిపోయినా అమ్మకి తెలీదప్పా," అన్నాడు ఒకరోజు. "ఫోను మోగితే సాలు."

జ్యేష్ఠం వచ్చి, తోటలో పని అయిపోవస్తున్నప్పుడు, వాడు అసలు సంగతి చెప్పాడు. విశాఖపట్నంలో ఢిల్లీబాబు అనే స్నేహితుడు ఇళ్ళు కట్టించే చోట పని చూపిస్తానన్నాడట. దేవినీ తీసుకుని వెళ్ళిపోతాడట.

"మరి అమ్మ?"

"అమ్మకి ఫోన్లో కొడుకు కావాలి. అది అక్కణ్ణించీ సెయ్యొచ్చు." నావైపు చూడకుండా అన్నాడు. "ఇక్కడుంటే నన్ను సూసి బయపడతంది. కన్నతల్లిని బయపెట్టుకుంటా ఎన్నాళ్ళుండను? నా మీద పేమ లేకే గదా అప్పా, లోపల ఏటీ పలకనిది? నువ్వే సెప్పినావు, వెచ్చదనం అనీ అదనీ. నాకు సదువు లేదు గానీ అంత అర్తం కాలేదేటి?"

వాడు తప్పుగా అర్థం చేసుకున్నాడు. సరైన సంగతి నాకు తెలుసు. అంతకుముందు వారమే ఆ వరండాలో బల్ల మీద కూర్చుని విన్నాను. విన్నప్పణ్ణించీ దాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

పాఠం చివర ఒక విద్యార్థి లేచి అడిగాడు. ఆ అనుమానం ఇంట్లో అందరి మీదా రాకుండా ఒక్కరి మీదే ఎందుకొస్తుంది అని. ఆవిడ కాసేపు ఆలోచించి చెప్పింది. ఎవరిని చూస్తే లోపల ఎక్కువగా పలకాలో, వాళ్ళ దగ్గరే ఆ ఖాళీ పెద్దగా తెలుస్తుంది. మామూలు మనిషిని చూసి పలకకపోతే ఎవరికీ ఏమీ అనిపించదు. అందుకే ఇది చాలాసార్లు ప్రాణానికి ప్రాణమైనవాళ్ళ మీదికే వస్తుంది. అన్నిసార్లూ కాదు అని కూడా అంది. నేను ఫోన్ ఆపేశాను. లోపల గది తలుపు తెరుచుకుంది. అమ్మ చక్రాల కుర్చీలోంచి నన్ను చూసి "పెమోదినీ, ఆటో వొచ్చిందేటి?" అంది. చూడగానే. ఒక్క క్షణం తడబడకుండా.

ఇప్పుడు వాడు నా ఎదురుగా కూర్చుని, తల్లికి తనమీద ప్రేమ లేదంటున్నాడు. దేవి గుమ్మానికి ఆనుకుని వింటోంది.

"కాదురా," అన్నాను. "నువ్వంటే ప్రాణం కనకే నీకిలా జరుగుతోంది. ఎవరి మీద ఎక్కువ ప్రేమ ఉంటే వాళ్ళనే అనుమానిస్తారట. పాఠంలో ఆవిడే చెప్పింది. మిగతావాళ్ళని మామూలుగానే గుర్తుపడతారట. వాళ్ళ దగ్గర పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు కనక."

వాడి మొహం మెల్లగా విచ్చుకుంది, చిన్నప్పుడు జ్వరం దిగినప్పటిలాగ. "నిజిమేనా అప్పా?"

"సైన్సురా. నేనెందుకు కల్పిస్తాను?"

లేచి వెళ్ళి నూతి దగ్గర మొహం కడుక్కున్నాడు. ఎన్నాళ్ళకో ఈల వేస్తున్నాడు. దేవి మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి నావైపు చూస్తోంది. ఆ రోజు అన్నం తినేటప్పుడు, నేను వద్దంటున్నా వినకుండా, చేప నడుం ముక్క తీసి నా కంచంలో వేసింది.

వాడు విశాఖపట్నం వెళ్ళలేదు. ఆ కార్తీకంలో అమ్మ పోయేదాకా ఆటో ఎక్కించింది వాడే, దింపింది వాడే. మందు మార్చినా వాడి మొహం ఆమెకి తిరిగి రాలేదు. చివరి రోజుల్లో వాడి తల మీద చెయ్యి పెట్టి "ఎవులి బిడ్డవో గానీ సల్లగుండు బాబూ" అనేది. వాడు "అలాగే" అనేవాడు.

ఆ జ్యేష్ఠంలోనే, స్కూలు తెరవడానికి ముందు, మృగశిర చినుకులు మొదలైన రోజున, నేను లోపల గదిలో అమ్మకి తల దువ్వుతున్నాను. జుట్టు బాగా పలచబడింది. చిక్కు తగలకుండా వేళ్ళతో విడదీస్తున్నాను. అమ్మ ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగి నా మొహం చూసింది. తర్వాత కొంగు సర్దుకుంది.

"ఎవులి పిల్లవమ్మా నువ్వు?"

నా చేతిలో దువ్వెన ఆగింది. "ప్రమోదినిని అమ్మా."

"అవును, అలాగే ఉన్నావు." ఇంటికొచ్చినవాళ్ళని చూసి నవ్వే నవ్వు నవ్వింది. "మా అమ్మాయి పలాసలో మేస్టరమ్మ. సెలవులకొచ్చింది. ఇప్పుడే ఎక్కడికో ఎల్నాది. కూకోమ్మా, వొచ్చేత్తాది."

జబ్బు ముదిరేకొద్దీ అనుమానం ఇంట్లో మిగతావాళ్ళకీ పాకవచ్చని కూడా పాఠంలో ఆవిడ చెప్పింది. దాంతో ప్రేమను కొలవకూడదని చెప్పింది. అదీ విన్నాను, అర్థమైంది కూడా. సైన్సు చెప్పేదాన్ని, నాకు అర్థం కాకపోతే ఎవరికవుతుంది? జడ పూర్తిగా అల్లి, చివర ముడి వేసి, చేతులు తుడుచుకుని బయటికి నడిచాను. ఇంటి పక్కగా తిరిగి వెనక గోడ దగ్గరికి వెళ్ళాను. కొబ్బరికాయల గుట్ట వానకి తడుస్తోంది. ఫోన్ తీసి నంబరు నొక్కాను. గోడకి అవతల మోగడం వినిపించింది.

"అమ్మా."

"పెమోదినీ! సెప్పకుండా ఎక్కడికెల్లిపోనావే?"

ఆ గొంతు ధనుంజయ్ కోసమే విన్నాను, నాకోసం ఎప్పుడూ వినలేదు. అమ్మకి నాతో మాటలంటే పనులే. నీళ్ళు పెట్టు, మందు తే, ఆటో పిలువు.

"వానలో తడుత్తన్నావేటి? తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఇక్కడ ఒక పిల్ల ఉందే. నీలాగే ఉన్నాది. తల దువ్వింది. సెయ్యి మెత్తనిదే, ఏటీ అనను." ఆగి, గొంతు తగ్గించింది. "కానీ కొత్తపిల్ల గదా. ఆ పిల్లకి అన్నీ సెప్పాల. నడుం నొప్పంటే సెప్పాల, బయమేత్తే సెప్పాల. నీకైతే ఏటీ సెప్పక్కర్లేదు. నువ్వుంటే నాను నోరిప్పక్కర్లేదు. తొరగా వొచ్చీ."

"వస్తున్నానమ్మా," అన్నాను.

లోపలికి వెళ్తే ఆ పిల్లగానే వెళ్ళాలి. అందుకని గోడకి ఆనుకుని, వానలో అలాగే నిలబడి, "ఇంకా చెప్పమ్మా" అన్నాను.